కారు కిరాయిని ఎలా లెక్కగట్టాలి: అడ్వాన్సు ఇచ్చే ముందు చూసుకోవలసినవి

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో కుటుంబంతో తీర్థయాత్రకో, పెళ్లికో బయలుదేరుతూ కారు మాట్లాడుకునేటప్పుడు మనలో చాలామంది అడిగేది ఒకటే: కిలోమీటరుకు ఎంత? ఆ సమాధానాన్నే నలుగురి దగ్గర పోల్చి, ఎవరు తక్కువ చెబితే వారికి అడ్వాన్సు పంపేస్తారు. నిజానికి యాత్ర ముగిసి ఇంటి ముందు దిగాక చేతికి వచ్చే బిల్లులో కిలోమీటరు రేటు ఒక పద్దు మాత్రమే. రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లు కట్టాలి, రోజును ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్కిస్తారు, బండి ఖాళీగా తిరిగి వచ్చే ఖర్చు ఎవరిది, టోలూ పర్మిటూ డ్రైవరు బత్తా అందులో కలిసి ఉన్నాయా లేదా అన్న విషయాలు ఆ మొత్తాన్ని వేలల్లో మార్చగలవు. కాబట్టి రేటు అడగడానికి ముందు మీ వైపు లెక్కను సిద్ధం చేసుకోండి.

1. ప్రయాణాన్ని కాగితం మీద పెట్టండి

ఎంతమంది వెళ్తున్నారు, ఎన్ని పెట్టెలు ఉంటాయి, ఏ ఊళ్లకు వెళ్లాలి, ఎక్కడ రాత్రి ఆగుతారు, దారిలో ఎక్కడెక్కడ పక్కకు తిరగాలి అన్నది వరుసగా రాసుకోండి. ఒక్కో ఊరి మధ్య దూరాన్ని మ్యాపులో చూసి కూడండి. మ్యాపు చూపించే కాలాన్ని మాత్రం యథాతథంగా తీసుకోవద్దు. పసుపు బోర్డు ట్యాక్సీలకు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ బిగించి ఉంటుంది కనుక, జాతీయ రహదారి మీద సొంత కారుకు పట్టే సమయం కన్నా కొంత ఎక్కువే పడుతుంది. టిఫినుకూ భోజనానికీ ఆగే సమయాన్ని కూడా కలపండి.

ఈ కాగితంలో దారి షరతులు కూడా ఉండాలి. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారి ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు అటవీ చెక్‌పోస్టుల దగ్గర వాహనాలను వదలరు. సాయంత్రం ఆరు దాటాక తీరిగ్గా బయలుదేరితే గేటు మూతపడి, దారిలోనే రాత్రి గడపవలసి వస్తుంది. దాంతో బిల్లులో ఒక అదనపు రోజు, దానికొక బత్తా, మీకొక గది అద్దె చేరతాయి. తిరుగు ప్రయాణంలోనూ ఇదే చిక్కు. దర్శనం ఆలస్యమై గేటు మూసే వేళ దాటితే మరుసటి ఉదయం దాకా కొండ మీదే ఉండాలి. ఇలాంటి చోట్ల బిల్లు పెరగడానికి కారణం ట్రావెల్స్ వారు కాదు, బయలుదేరిన వేళ.

2. మనుషుల లెక్కతో పాటు సామాను లెక్కతో బండిని ఎంచుకోండి

నలుగురికి డిజైర్, ఔరా వంటి సెడాన్ సరిపోతుంది. ఆరుగురైతే ఎర్టిగా అడుగుతారు. అయితే ఎర్టిగాలో మూడో వరుసలో మనుషులు కూర్చుంటే డిక్కీలో మిగిలే చోటు 209 లీటర్లు మాత్రమే. అంటే రెండు చిన్న ట్రాలీ సూట్‌కేసులు పెట్టేసరికి నిండిపోతుంది. ఆరుగురు పెద్దవాళ్లు మూడు రోజుల సామానుతో బయలుదేరుతున్నట్లయితే పైన క్యారియర్ ఉన్న బండి కావాలని ముందే చెప్పండి, లేదా ఇన్నోవా తీసుకోండి. బయలుదేరే వేళ సామాను పట్టక అప్పటికప్పుడు పెద్ద బండి తెప్పించుకోవడం కన్నా ఖరీదైన పని మరొకటి ఉండదు.

ఎనిమిది, తొమ్మిది మంది ఉన్నప్పుడు రెండు సెడాన్లు, ఒక టెంపో ట్రావెలర్ అన్న రెండు మార్గాలకూ లెక్క వేయండి. రెండు కార్లంటే ఇద్దరు డ్రైవర్ల బత్తాలు, రెండు టోల్‌లు, రెండు పర్మిట్లు. కిలోమీటరు రేటు ఎక్కువైనా ఒక్క పెద్ద బండే చవక పడే సందర్భాలు తరచుగా ఎదురవుతాయి.

3. రెండు రేట్లను మీ దూరంతో పోల్చండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. ఊరు దాటి వెళ్లే ప్రయాణాలకు ట్యాక్సీ వారు రోజుకు కనీస కిలోమీటర్లు పెడతారు. అది 250 కావచ్చు, 300 కావచ్చు. మీరు తిరిగినా తిరగకపోయినా అన్ని కిలోమీటర్లకూ డబ్బు కట్టాలి. ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక ట్రావెల్స్ వారు కిలోమీటరుకు 14 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు అన్నారు. మరొకరు కిలోమీటరుకు 15 రూపాయలు, కనీసం 250 అన్నారు.

మీరు రెండు రోజుల్లో హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లి వస్తున్నారు. ఒక వైపు సుమారు 215 కిలోమీటర్లు. రానూపోనూ, అక్కడి తిరుగుడు, బండి షెడ్డు నుంచి మీ ఇంటికి వచ్చి పోయే దూరం కలిపి 480 అనుకుందాం. మొదటివారి లెక్కలో రెండు రోజులకు కనీసం 600 కిలోమీటర్లు, అంటే 8,400 రూపాయలు. రెండోవారి లెక్కలో కనీసం 500, అంటే 7,500 రూపాయలు. కిలోమీటరుకు రూపాయి ఎక్కువ చెప్పినవారి బండే 900 రూపాయలు చవక పడింది.

ఇప్పుడు అవే రెండు రేట్లతో మూడు రోజుల తిరుపతి యాత్రను చూడండి. కర్నూలు, కడప మీదుగా ఒక వైపు సుమారు 560 కిలోమీటర్లు. కొండ మీదికి వెళ్లి రావడం, శ్రీకాళహస్తి దర్శనం కలిపి మొత్తం 1,250 అనుకుందాం. ఇద్దరి కనీస దూరాలూ దాటిపోయాయి కాబట్టి తిరిగిన దూరానికే బిల్లు వస్తుంది. 14 రూపాయల చొప్పున 17,500, 15 రూపాయల చొప్పున 18,750. ఈసారి తక్కువ రేటు చెప్పినవారే మేలు. తక్కువ దూరం, ఎక్కువ రోజులు ఉండే యాత్రలో కనీస కిలోమీటర్ల మీద బేరమాడండి; ఎక్కువ దూరం, తక్కువ రోజులు అయితే రేటు మీద బేరమాడండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

మరో పద్ధతి కూడా మన ప్రాంతంలో వాడుకలో ఉంది. బండికి రోజుకు ఇంత అని కిరాయి, డీజిల్ మీది. నాలుగు రోజులు ఒకే చోట ఉండి, కారు ఎక్కువ సేపు పార్కింగులోనే నిలబడే ప్రయాణాలకు ఇది అనుకూలం. అయితే బయలుదేరేటప్పుడు ట్యాంకు నిండా పోయించి, వచ్చాక మళ్లీ నిండా పోయించి చూపమని అడగాలి. అలా కాకుండా 'ఉన్నంత వాడుకుని ఉన్నంత మిగిల్చి' అన్న ఒప్పందంలో ఎంత డీజిల్ ఎవరి ప్రయాణానికి పోయిందో ఎవరూ తేల్చలేరు.

ఊళ్లోనే పనులైతే 8 గంటలు 80 కిలోమీటర్ల ప్యాకేజీ ఉంటుంది. పెళ్లి పనులకు మాట్లాడుకునేటప్పుడు అదనపు గంటకు ఎంత అన్నది తప్పక అడగండి, ఎందుకంటే పెళ్లిలో బండి తిరిగేది తక్కువ, ఆగి ఉండేది ఎక్కువ.

4. రోజు ఎప్పుడు మొదలవుతుందో, మీటరు ఎక్కడ మొదలవుతుందో అడగండి

కొందరు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు ఒక రోజు అంటారు. ఇంకొందరు బయలుదేరిన సమయం నుంచి 24 గంటలు అంటారు. శుక్రవారం రాత్రి పదింటికి బయలుదేరి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరితే అది 47 గంటల ప్రయాణం. 24 గంటల లెక్కలో రెండు రోజులు, తేదీల లెక్కలో మూడు రోజులు. కనీస కిలోమీటర్లూ బత్తా కూడా రోజుల చొప్పునే వస్తాయి కనుక ఈ ఒక్క తేడాతో వేల రూపాయలు మారతాయి. తేదీల లెక్క అయితే శుక్రవారం రాత్రి కాకుండా శనివారం తెల్లవారుజామున బయలుదేరండి.

కిలోమీటర్లను కూడా బండి షెడ్డు నుంచి షెడ్డు వరకు లెక్కించే అలవాటు ఉంది. మీరు ఎల్బీనగర్‌లో ఉండి, బండి మియాపూర్ నుంచి వస్తే నగరం ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి పోయే దూరమంతా మీ ఖాతాలో పడుతుంది. మీ పేటలోనే ఉండే బండిని మాట్లాడుకోవడం వల్ల కలిసొచ్చేది ఇక్కడే.

5. వెళ్లేది ఒక వైపే అయితే బండి తిరుగు దారిని ఆలోచించండి

ఒక వైపు కిరాయి ఎంత అన్నది బండి తిరిగి వచ్చేటప్పుడు మరో ప్రయాణికుడు దొరుకుతాడా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. హైదరాబాదు – విజయవాడ మధ్య రోజూ రాకపోకలు ఎక్కువ కనుక డ్రాప్ ట్యాక్సీలు ఒక వైపు డబ్బుతోనే వస్తాయి. భద్రాచలానికో, లంబసింగికో వెళ్తే తిరుగు కిరాయి దొరకడం కష్టం కనుక రెండు వైపులా అడుగుతారు, అందులో అన్యాయం కూడా లేదు.

సంక్రాంతికి ఈ సూత్రం స్పష్టంగా కనబడుతుంది. భోగికి ముందు రెండు మూడు రోజులు హైదరాబాదు నుంచి కోస్తా వైపు బండ్లన్నీ నిండుగా పోయి ఖాళీగా వెనక్కి వస్తాయి. ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి వెళ్లేవారు మండిపోయే ధర పెట్టక తప్పదు. అదే సమయంలో విజయవాడ నుంచి గాని రాజమండ్రి నుంచి గాని హైదరాబాదు రావలసినవారికి ఖాళీ బండి తేలికగా దొరుకుతుంది, బేరమూ కుదురుతుంది. పండుగ ముగిశాక ఈ ప్రవాహం తిరగబడుతుంది.

6. పంచాంగం చూసి తేదీ పెట్టుకోండి

మన దగ్గర కార్ల గిరాకీని ముహూర్తాలు నడిపిస్తాయి. మాఘం, వైశాఖం, శ్రావణం వంటి నెలల్లో గట్టి ముహూర్తం ఉన్న రోజున మంచి ఇన్నోవా దొరకడమే గగనం. ఆషాఢంలోనూ మూఢంలోనూ పెళ్లిళ్లు ఉండవు కనుక బండ్లు ఖాళీగా ఉంటాయి, యజమానులు రేటు తగ్గించడానికి సిద్ధంగా ఉంటారు. నవంబరు నడిమి నుంచి జనవరి నడిమి వరకు అయ్యప్ప భక్తులు శబరిమలకు టెంపో ట్రావెలర్లనూ పెద్ద కార్లనూ ముందుగానే మాట్లాడుకుంటారు. ఆ కాలంలో పెద్ద బండి కావలసినవారు నెల ముందే చూసుకోవాలి. కార్తీక సోమవారాలు, మహాశివరాత్రి, దసరా, రెండేళ్లకొకసారి వచ్చే మేడారం జాతర సంగతి చెప్పనక్కరలేదు. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. ఆ రోజుల్లో రాజమండ్రి వైపు వెళ్లదలచినవారు కిరాయి మామూలుగా ఉంటుందని అనుకోవద్దు.

7. టోల్, పర్మిట్, పన్నులను విడివిడిగా అడిగి రాయించుకోండి

'అన్నీ కలిపి' అన్న మాటను నమ్మి ఊరుకోకుండా, ఏవి కలిశాయో ఒక్కొక్కటిగా పేరు పెట్టి అడగండి. టోల్ విషయంలో గమనించవలసినవి ఉన్నాయి. హైదరాబాదు – విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర మూడు టోల్ ప్లాజాలు ఉన్నాయి. జాతీయ రహదారుల నిబంధనల ప్రకారం 24 గంటల్లోపు అదే ప్లాజా గుండా తిరిగి వస్తే రెండు వైపులకూ కలిపి ఒక వైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే పడుతుంది. ఒక్క రోజులో వెళ్లి వచ్చిన ప్రయాణానికి రెండు పూర్తి టోల్‌లు వేసి బిల్లు ఇస్తే అడిగే హక్కు మీకు ఉంది. ఫాస్టాగ్ వచ్చాక కాగితం రసీదులు పోయాయి కాబట్టి, ఎక్కడ ఎంత కోశారో యజమాని ఫోనుకు వచ్చే సందేశాలను పంపమనండి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు సొంత వాహనాలకే వర్తిస్తుంది, ట్యాక్సీలకు కాదు. అందువల్ల దాన్ని చూపి డ్రైవరుతో వాదించడంలో అర్థం లేదు.

రాష్ట్రం దాటినప్పుడు పర్మిట్ ఖర్చు వస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ బండి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినా, అటు బండి ఇటు వచ్చినా అది మరో రాష్ట్రపు బండే. అరుణాచలం వెళ్తే తమిళనాడు, షిరిడీ వెళ్తే మహారాష్ట్ర. బండికి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా, లేకపోతే ఏ ఏ రాష్ట్రాలకు పన్ను కట్టాలి, దాన్ని ఎవరు కడతారు అన్నది ముందే తేల్చుకోండి. పన్నును ఒక నిర్ణీత కాలానికి కడతారు కనుక, బండికి అప్పటికే కట్టిన పన్ను గడువు మిగిలి ఉంటే మళ్లీ మీ దగ్గర వసూలు చేయవలసిన పని లేదు. రసీదు చూపమని అడగడం తప్పు కాదు.

సంస్థల ద్వారా తీసుకుంటే జీఎస్టీ పడుతుంది. డ్రైవరుతో సహా ఇచ్చే కార్లకు 5 శాతం వేసేవారే ఎక్కువ. చెప్పిన ధరలో అది కలిసి ఉందో లేదో అడగండి. పార్కింగు, గుడి దగ్గరి వాహన రుసుములు ఎప్పుడూ మీవే అనుకోండి.

8. డ్రైవరు బత్తా మీద బేరమాడవద్దు

బత్తా అంటే డ్రైవరు తిండికీ పడకకూ ఇచ్చే డబ్బు. రాత్రి పది తరువాత నడిపితే నైట్ చార్జీ వేరుగా ఉంటుంది. ఈ రెండింటిలో మిగిల్చే రెండు మూడు వందల కోసం డ్రైవరును సీటులోనే పడుకోబెట్టి, మరునాడు తెల్లవారుజామున నాలుగింటికి ఘాట్ రోడ్డు మీద బండి నడపమనడం మన పిల్లల ప్రాణాలతో ఆడుకోవడమే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 కూడా వారి పనిని సాధారణంగా రోజుకు 8 గంటలకు పరిమితం చేసింది. హైదరాబాదు నుంచి తిరుపతికి ఏకబిగిన వెళ్లి, దర్శనం చేసుకుని, అదే రాత్రి తిరుగు ప్రయాణం కడితే ఒక రోజు కిరాయి మిగలవచ్చు; అలాంటి పథకం వేయవద్దని గట్టిగా చెబుతున్నాను. రాత్రి ఆగే చోట డ్రైవరుకు పడక ఉందా అని గది బుక్ చేసేటప్పుడే అడగండి. చాలా లాడ్జీలలో డ్రైవర్లకు డార్మిటరీ ఉంటుంది.

9. సెల్ఫ్ డ్రైవ్ అయితే లెక్క వేరు

డ్రైవరు ఖర్చు తప్పుతుంది గాని బాధ్యతంతా మీ నెత్తిన పడుతుంది. డిపాజిట్ ఎంత, అది ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుంది, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితం, ఆపైన కిలోమీటరుకు ఎంత, తిరిగి అప్పగించడం గంట ఆలస్యమైతే ఎంత, ప్రమాదం జరిగితే బీమా పోను మీ జేబులోంచి గరిష్ఠంగా ఎంత పోతుంది అన్నవి అడగండి. వీటిలో చివరిది అన్నిటికన్నా ముఖ్యం, అందరూ మరిచిపోయేది కూడా అదే. బండి తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, బంపర్ల కింద, చక్రాల అంచుల దగ్గర, విండ్‌షీల్డు మీద గీతలు కనిపించేలా వెలుతురులో వీడియో తీసి, యజమానికి అక్కడికక్కడే పంపండి. ఇంధనం ముల్లు, కిలోమీటర్ల అంకె కూడా ఆ వీడియోలో పడాలి. వేగం కెమెరాల చలాన్లు ఆలస్యంగా వస్తాయి కనుక బండి తీసుకున్న, అప్పగించిన సమయాలను రాతపూర్వకంగా ఉంచుకోండి.

నంబరు ప్లేటు చూడండి. డ్రైవరుతో ఇచ్చే ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్లని అక్షరాలు ఉంటాయి. సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల బోర్డు సొంత కారును తెలిసినవారి ద్వారా కిరాయికి తీసుకుంటే పర్మిటూ పన్నూ లేవు కనుక చవకగానే వస్తుంది. కానీ సొంత వాహనపు బీమా పాలసీ కిరాయికి తిప్పడాన్ని ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ క్లెయిమును తిరస్కరించవచ్చు. మిగిలే రెండు వేలకు అంత ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవద్దు.

10. మాట్లాడుకున్నదంతా ఒక సందేశంలో పెట్టండి

ఫోనులో అనుకున్నది ఫోనులోనే పోతుంది. అడ్వాన్సు పంపే ముందు ఈ విధంగా వాట్సాప్‌లో రాసి, సరే అన్న సమాధానం తీసుకోండి: 'ఇన్నోవా క్రిస్టా, పసుపు బోర్డు, శనివారం ఉదయం 5 గంటలకు మా ఇంటి దగ్గర. కిలోమీటరుకు ఇంత, రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు, రోజు అంటే 24 గంటలు, మీటరు మా ఇంటి నుంచి మా ఇంటి వరకు. బత్తా రోజుకు ఇంత. టోల్, పార్కింగ్ మావి, పర్మిట్ మీది. బండి చెడిపోతే మరో బండి మీరే పంపాలి. రద్దు చేసుకుంటే అడ్వాన్సులో ఇంత తిరిగి ఇవ్వాలి.' కొందరు ట్రావెల్స్ వారు మీ ప్రయాణాన్ని మరో యజమానికి అప్పగిస్తారు. అలాంటప్పుడు వచ్చిన డ్రైవరుకు ఈ షరతులేవీ తెలియవు. బండి ఎక్కే ముందు అదే సందేశాన్ని అతనికి కూడా చూపించండి.

బయలుదేరేటప్పుడు కిలోమీటర్ల అంకెను డ్రైవరు సమక్షంలో ఫొటో తీయండి, దిగేటప్పుడు మరొకటి తీయండి. దారిలో మీరు అదనంగా చూడాలనుకున్న ఊరేదైనా ఉంటే, తిరిగే ముందే దానికి ఎన్ని కిలోమీటర్లు, ఎంత సమయం అని అడిగి యజమానికి ఒక మాట చెప్పండి. దిగాక బిల్లును మీ కాగితం పక్కన పెట్టి పద్దుల వారీగా చూసుకుని, తేడా ఉంటే డ్రైవరుతో కాక యజమానితో మాట్లాడండి, ఎందుకంటే రేటు నిర్ణయించింది డ్రైవరు కాదు. డ్రైవరు బాగా నడిపాడని మీకు అనిపించి ఇవ్వదలచుకున్నది ఏదైనా ఉంటే, దాన్ని బిల్లు మొత్తంలో కలపకుండా అతని చేతికే ఇవ్వండి.